సోమవారం మొదటి పేషెంటు

ఆ పళ్ళ ఆసుపత్రిలో అందరూ ఆమెను గొట్టం అక్క అంటారు. డాక్టరమ్మ పన్ను తొలుస్తుంటే పక్కన నిలబడి, నోట్లోంచి లేచే నీటి తుంపరను లేచింది లేచినట్టే గొట్టంతో లాగేయడం ఆమె పని. ఆ తుంపర కంటికి ఆనదు. నోటిలోని క్రిములను మోసుకుని గదిలో చాలాసేపు తేలుతూనే ఉంటుంది. కిటికీలు తీయండి, గాలి వడకట్టే మెషీను ఆపకండి అని ఆమె పెట్టే పోరుకు అందరికీ తల ప్రాణం తోకకొస్తుంది. చాదస్తమంటే అననీ, ఆమె పట్టించుకునే రకం కాదు.

ఈసారి ఆ చాదస్తానికి కారణం ఉంది. సోమవారం పొద్దున్నే మొదటి పేషెంటు ఆమె మొగుడు.

ఆయన టైలరు. నోట్లో వేలు పెట్టినా కొరకలేని మనిషి. ఆమధ్య కిడ్నీ మార్చారు. కొత్త కిడ్నీని ఒంటికి ఒప్పించడానికి వాడే మందులు, రోగాన్ని తట్టుకునే శక్తిని కాస్తా తినేశాయి. మనకు నాలుగు తుమ్ములతో పోయే జలుబు ఆయన్ను మంచాన పడేస్తుంది, ఆ కిడ్నీకే ఎసరు పెట్టినా పెడుతుంది. అలాంటి మనిషికి దవడ పన్ను కింద చీము పట్టింది. వదిలేస్తే అదీ ప్రమాదమే. చేయిద్దామంటే ఆయనకు ఆ డ్రిల్లు చప్పుడంటే చచ్చేంత భయం.

"గొట్టం నువ్వు పట్టుకుంటేనే నోరు తెరుస్తా" అన్నాడు.

"ఇన్నేళ్ళుగా మీ నోట్లోంచి మాటలు లాగుతున్నదాన్ని, నీళ్ళు లాగడం ఒక లెక్కా?" అంది.

ఆదివారం ఆసుపత్రికి సెలవు. ఒక రోజంతా ఎవరూ నోరు తెరవని గదిలో గాలి తేటపడి ఉంటుందని ఆమే పట్టుబట్టి ఆ వేళ ఖాయం చేయించింది. శని, ఆదివారాలు చెల్లెలి ఇంట్లో ఉండి, అటునుంచి అటే అందరికంటే ముందు వచ్చి తాళం తీసింది. కిటికీలు తెరిచింది, కుర్చీ తుడిచింది, పైపుల్లో నిలవున్న నీళ్ళు వదిలేసింది. పన్నొక్కటే బయటికి కనిపించేలా నోటికి బిగించే రబ్బరు తెర తీసి పెట్టింది. అన్నీ చూసుకుని తృప్తిగా గుటక మింగింది.

గొంతులో గరగరమంది. మళ్ళీ మింగింది. నొప్పి.

ఆమెకు చెల్లెలి ఇల్లు గుర్తొచ్చింది. చెల్లెలి పసిదానికి ముక్కు కారుతోంది. తెలిసీ దాన్ని ఎత్తుకుంది, ముద్దాగక బుగ్గలు ముద్దు పెట్టుకుంది. లోకమంతటికీ జాగ్రత్తలు చెప్పే మనిషి చేసిన పని అది.

రెండు మాస్కులు పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది? తను కనిపించకపోతే ఆయన అట్నుంచటే ఇంటికి పోతాడు. ఆ చీము ఎవరి కోసమూ ఆగదు. ఆమె మాస్కు పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది. చివరికి బయటికి వచ్చి, రోడ్డు దాటి, అవతలి గట్టు మీద నిలబడి ఫోను చేసింది.

"డాక్టరమ్మా, నాకు గొంతు పట్టుకుంది. నేను లోపలికి రాను. పళ్ళకు క్లిప్పులు వేసే మన డాక్టరుగారిని గొట్టం పట్టుకోమనండి. నేను సర్దిన గది వద్దు, అందులో ఇంతసేపూ ఊపిరి వదిలాను. పక్క గదిలోకి నేను అడుగు పెట్టలేదు, అందులో చేయండి."

"సరేనమ్మా. మేం చూసుకుంటాం" అంది డాక్టరమ్మ.

ఇంతలో ఆయన వచ్చాడు. ఆమెను చూసి రోడ్డు దాటబోయాడు.

"అక్కడే ఆగండి!"

విషయం విని ఆయన ముఖం వాడిపోయింది. "అయితే ఇంకో రోజు చూద్దాంలే."

"ఇంకో రోజు లేదు. వెళ్ళండి."

"నాకు భయమేస్తోందే."

"నాకూ వేస్తోంది."

"నీకేం భయం? పన్ను నాదైతే."

"మీకేమన్నా అయితే నేనెలా బతకాలి?" అంది. అంతకాలం కాపురంలో ఎప్పుడూ అనని మాట, రోడ్డు మధ్యలో స్కూటర్లు పోతుండగా అనేసింది. ఆయన చొక్కా సర్దుకుని, ఒక్కడే మెట్లెక్కాడు.

తెరిచిన కిటికీలోంచి డ్రిల్లు కూత వినిపించింది. దాని కింద గొట్టం గాలి పీల్చే చప్పుడు. అది తెగకుండా, తడబడకుండా వినిపిస్తూనే ఉంది. క్లిప్పుల డాక్టరు బాగానే పట్టుకున్నాడు. తను లేకపోయినా పని నడుస్తోందని ఆమెకు కాస్త చివుక్కుమంది, అంతకు పదింతలు హాయి అనిపించింది.

ఆయన బయటికి వచ్చాడు. ఒక పక్క మొద్దుబారి మూతి వంకరపోయింది. ఆమె ఇటు, ఆయన అటు, రోడ్డుకు చెరో పక్కన మలుపు దాకా నడిచారు. తగ్గేదాకా చెల్లెలింట్లోనే ఉంటానని అరిచి చెప్పింది. మాత్రలు గుర్తు చేసింది. ఆయన తలూపుతూనే ఉన్నాడు.

ఆమె మలుపు తిరగబోతుంటే, దర్జీ కొట్లో కూడా గొంతు పెంచి ఎరగని మనిషి, ఉన్న సగం నోటితో అరిచాడు.

"నేనెక్కడికీ పోనే! నువ్వు తొందరగా రా!"

దారినపోయేవాళ్ళంతా ఆగి చూశారు. ఆమె మాస్కు తడిసిపోయింది. చేయి మాత్రం ఎత్తి ఊపింది.