రంగుల ప్యాచ్

మా ముగ్గురిలో ఎవరి ప్యాచ్ జోలికి ఇంకొకరు పోకూడదు. ఆ నియమం పెట్టింది నేనే. ఎవరేమన్నా ఇప్పటికీ అది మంచి నియమమే అంటాను.

సాంత కతరీనా కొండల మధ్య, వానలొస్తే ఒళ్లు తెలియని నది ఒడ్డున ఉంది మా ఊరు. నీటిమట్టం చూసి సైరన్ మోగించే ప్రోగ్రాంని ఎక్కడో దూరదేశంలో ఎవరో రాసి, ఉచితంగా వదిలేశారు. దాన్ని మా నదికి సరిపోయేలా చేయడమే మా పని. మేం చేసే ప్రతి మార్పూ ఒక ప్యాచ్. కుండల్ని పేర్చినట్టు వాటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తాం. ఆ దొంతర ముగ్గురిదీ. ప్యాచ్ మాత్రం ఎవరు రాస్తే వాళ్లది, దాని మీద వాళ్ల పేరే ఉంటుంది. ఇందులో ఒక్కటే తిరకాసు. కొత్త ప్యాచ్ తెరవకుండా ఏదైనా మార్చి భద్రం చేశామా, అది దొంతరలో అన్నిటికంటే పైనున్న ప్యాచ్‌లో కలిసిపోతుంది, ఆ ప్యాచ్ ఎవరిదైనా సరే.

వాల్మోర్ నోటిదురుసు మనిషి, పనిలో మాత్రం చురుకు. వాడి భార్య రోసెలీ నది పక్క వీధిలో, ఇంట్లోనే కూర్చుని చొక్కాల ఫ్యాక్టరీకి కుట్టుపని చేసేది. కిందటి వరదలో ఒక దుంగ కొట్టుకొచ్చి నీటిమట్టం గేజిని గుద్దేసింది. గేజి చచ్చిపోయినా తెర మీద పాత అంకె అలాగే నిలబడింది, ఏమీ జరగనట్టు. వాల్మోర్‌కి ఒళ్లు మండిపోయింది.

"గేజి నోరు మూసుకుంటే సైరనూ మూసుకోవాలా? అదేం పాడు తెలివి! గేజి పలక్కపోతే సైరన్ మోగి తీరాలి" అని ఆ మధ్యాహ్నమే కూర్చుని ఆ మార్పు రాసిపడేశాడు. ఇంటికెళ్లి పెళ్లాంతో, "ఇక భయం లేదు, సైరన్ మోగేదాకా నిశ్చింతగా కుట్టుకో" అన్నాడట. 'అక్కా' అంటూ నాతో చెప్పుకుని మురిసిపోయాడు.

మూడోవాడు అదెమీర్. నెమ్మదస్తుడు, మాట పడడు. ఆ వరదకి ముందే, తెర మీద నీటిమట్టం పచ్చగా, పసుపుగా, ఎర్రగా కనబడేలా చేసింది వాడే. మునిసిపాలిటీ వాళ్లు వచ్చి ఆ రంగులు చూసి మురిసి, వాడి భుజం తట్టి వెళ్లారు. మా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ కడుపు మండింది. వాల్మోర్ సంగతి చెప్పక్కర్లేదు.

మర్నాడు నేను షిమర్రావ్ కలిపి, ఆ చేదు ఆకు కషాయం ఉన్న సొరబుర్రని ఒకరి తర్వాత ఒకరికి అందిస్తుంటే వాల్మోర్ మొదలుపెట్టాడు.

"ఇల్లు కట్టింది మేం, దండలు మాత్రం సున్నం వేసినవాడికి! ఏరా అదెమీర్, రేపు నదికి కూడా రంగేస్తావా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"పెట్టుకోకపోతే? కుంచె పుచ్చుకుని కొడతావా?"

"ఆపండ్రా, చిన్నపిల్లల్లా!" అని నేను కసిరాను.

అదెమీర్ బుర్ర నా చేతికిచ్చి థాంక్స్ అన్నాడు. మా దగ్గర బుర్ర తిరిగిచ్చేటప్పుడు ఆ మాట అన్నారంటే, ఇక వద్దని అర్థం. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని, దొంతరలోంచి తన ప్యాచ్ తీసేశాడు.

"నా రంగులు నేను పట్టుకుపోతున్నా. మీరు నలుపూ తెలుపూ చూసుకోండి."

"పోరా పో! నీ రంగుల్లేకపోతే నది ఆగిపోతుందా?" అన్నాడు వాల్మోర్.

ప్యాచ్ పేరు 'తెర రంగులు'. రాసింది అదెమీర్, తీసింది అదెమీర్. ఇంక అడగడానికేముంది? ఆ వారం సైరన్ మోగించి చూశాం. శుభ్రంగా మోగింది. అప్పుడు, బాగుచేయించిన గేజి బతికే ఉంది మరి.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. మిట్ట మీదున్న మా ఆఫీసులో వాల్మోర్, నేను తెర చూస్తూ కూర్చున్నాం. అంకె మామూలుగానే ఉంది. మధ్యాహ్నం రోసెలీ ఫోన్ చేసింది.

"వీధిలోకి నీళ్లొస్తున్నాయి. వచ్చేయనా?"

"సైరన్ మోగలేదుగా! అవి మురిక్కాలవ నీళ్లు. కుట్టు ముగించుకునే రా" అన్నాడు వాల్మోర్.

ఫోన్ పెట్టేసి మళ్లీ తెర చూశాడు. అంత వానలోనూ అంకె వెంట్రుకవాసి కదల్లేదు. గేజి మళ్లీ చచ్చిపోయింది, సైరన్ మాత్రం మోగలేదు. మళ్లీ ఫోన్ చేశాడు, అవతల ఎత్తలేదు. కుర్చీ తన్నేసి పరుగెత్తాడు. అప్పటికే వాళ్ల వీధికి వెళ్లే వంతెన మునిగిపోయింది.

నీళ్లు తీశాక, కుట్టుమిషన్ గది తలుపు వెనకాల దొరికింది రోసెలీ.

"వాడే! నా మార్పు వాడే పీకేశాడు!" అని వాల్మోర్ ఊరంతా అరిచాడు. అంత్యక్రియలకి అదెమీర్ వచ్చి చర్చి మెట్ల కింద నిలబడ్డాడు. "నా పెళ్లాన్ని చంపావు కదరా!" అంటూ వాల్మోర్ వాడి మొహం మీద ఉమ్మాడు. అదెమీర్ తుడుచుకోలేదు. ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరొదిలి వెళ్లిపోయాడు.

నాకు మనసొప్పలేదు. దొంతర పాత కాపీలు తీసి చూశాను. వాల్మోర్ రాసిన మార్పు అదెమీర్ రంగుల ప్యాచ్ లోపల ఉంది. అక్కడ పెట్టిన చెయ్యి వాల్మోర్‌దే. తన రంగులతో పాటు ఏం పోతోందో అదెమీర్‌కి తెలిసే దారే లేదు.

వాల్మోర్ మళ్లీ ఆఫీసుకొచ్చిన రోజు నేను నోరు కట్టుకోలేకపోయాను.

"నీ మార్పు వాడి ప్యాచ్‌లోకి ఎలా వెళ్లిందో..."

"తెలుసక్కా" అన్నాడు. "మార్పు రాసిన రోజు, వెక్కిరిద్దామని వాడి రంగులు తెరిచి చూస్తున్నా. అదే పైనుంది. కొత్తది తెరవడం మరిచిపోయా. తెర మీద అంకె కదలకపోయేసరికి గుర్తొచ్చింది."

"తెలిసి కూడా వాడి మొహాన ఉమ్మావా? నువ్వసలు మనిషివేనా?"

"ఇంకెవరి మొహాన ఉమ్మనక్కా? నువ్వే చెప్పు."

కంప్యూటర్ వాడి వైపు తిప్పి, "రాయి. కొత్తది తెరిచి, నీ పేరు పెట్టి రాయి" అన్నాను.

వాడు మార్పు మొత్తం రాశాడు. పేరు దగ్గరికొచ్చేసరికి చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. చివరికి నేనే రాశాను, వాల్మోర్ అని.