పాపం, సెన్సర్ తప్పేముంది

స్పార్కు ప్లగ్గు విప్పి, సైలెన్సర్ దాన్ని వెలుతురుకేసి తిప్పి చూశాడు. కొనంతా మసి. తుడవబోయిన గుడ్డ చేతిలోనే ఉండిపోయింది.

నోట్లోంచి మాట రాలడమే గగనం కాబట్టి ఆయన్ని షెడ్డులో అందరూ సైలెన్సర్ అనే అంటారు. అసలు పేరు అడిగితే సొంత బావమరిది కూడా ఒక్క క్షణం తడుముకుంటాడు. షెడ్డు ఆ బావమరిదిదే.

“అదే పాట బావా,” అన్నాడతను స్కానర్ చూపిస్తూ. “పొగలో గాలి ఎక్కువుందట, ఇంజన్‌కి పెట్రోలు చాలట్లేదట. ఆక్సిజన్ సెన్సర్ మార్చేద్దాం.”

“మొన్నేగా మార్చావు?”

“ఇదీ పోయిందేమో.”

“పెట్రోలు చాలని ఇంజన్‌కి ఇంత మసెక్కడిదిరా? ఇది పీకల దాకా తాగి ఉంది.”

బావమరిది బుర్ర గోక్కున్నాడు. స్కానరేమో ఆకలంటోంది, ప్లగ్గేమో అజీర్తి అంటోంది.

పాత టైరు మీద కూర్చున్న నర్సుకి ఇవేవీ పట్టలేదు. మంచం దిగలేని రోగుల్ని ఇంటింటికీ వెళ్లి చూసే ఉద్యోగం ఆమెది. ఆమె బండి పొగ పరీక్షకి ఇవాళే ఆఖరి గడువు. తప్పితే బండి రోడ్డెక్కకూడదు, బండి లేకపోతే ఉద్యోగం లేదు.

“బాబాయ్, సాయంత్రానికి అవుతుందా?”

“ఇంజన్ చల్లారాలమ్మా.”

“నా ప్రాణం మీదికొస్తుంటే చల్లారడమేంటి!”

“వేడిగా ఉంటే ఇనుము ఉబ్బి నోరు మూసుకుంటుంది. చల్లబడితే అన్నీ చెప్పేస్తుంది.”

ఒక రోజుకి అన్ని మాటలు ఆయనకి ఎక్కువే. గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకున్నాడు. పెదాలు నల్లబడి ఉన్నాయి. నర్సు సంచీలోంచి స్టెతస్కోపు తీసింది.

“ఆ ఆయాసమేంటి? కూర్చోండి, గుండె చూస్తాను.”

“ముందు నీ బండిది విననీ. తర్వాత నాది విందువుగాని.”

“బాగానే ఉంది వరస!” అని విసుక్కుంది గానీ, పట్టుబట్టలేదు. ఆమె కళ్లు గడియారం మీద ఉన్నాయి.

ఇంజన్ చల్లారాక ఆయన మేకుకి వేలాడుతున్న రబ్బరు గొట్టం తీశాడు. ఏళ్ల తరబడి చెవికి రాసుకుని దాని ఒక కొస నున్నబడిపోయింది. అన్ని ఇంజన్లనీ దాంతోనే విన్నాడు. భార్య నిండు నెలలతో ఉన్నప్పుడు, “లోకంలో బండ్లన్నీ వింటావు, నా మాటే వినవు. ఇదైనా విను,” అని ఆ గొట్టాన్ని కడిగి పొట్ట మీద పెట్టించుకుంది. గుర్రప్పిల్ల పరుగులాంటి చప్పుడు వినబడి ఆ రోజు ఆయన నేల మీద కూలబడ్డాడు. ఇప్పుడు భార్య లేదు. కూతురికే పిల్లలున్నారు. ఆ చప్పుడు మాత్రం చెవిలో అలాగే ఉంది.

బండి స్టార్ట్ చేయించి, గొట్టం రెండో కొసని పొగ పైపు ఒక్కో అతుకు దగ్గరా ఆనించాడు. సెన్సర్‌కి కాస్త ముందున్న అతుకు దగ్గర ఆగిపోయాడు. టిక్, టిక్, టిక్. పొగ బయటికి చిమ్ముతోంది. చెవి ఇంకా నొక్కి పెట్టాడు. చిమ్ముకీ చిమ్ముకీ నడుమ, రెప్పపాటులో, బయటి గాలి లోపలికి పోతోంది!

ఎంత చిత్రం! బయటికి ఊదే చిల్లే లోపలికి పీలుస్తోంది. జీవితమంతా ఇంజన్ల కింద పడుకున్న మనిషికి ఒళ్లు జలదరించింది. ఇంత ఇనుములో ఇంత సన్నని ఊపిరా అని కళ్లు తడయ్యాయి.

“పాపం, సెన్సర్ తప్పేముందిరా,” అన్నాడు. “ముక్కు దగ్గరికి గాలొచ్చింది, గాలుందని చెప్పింది. దాని మాట నమ్మి కంప్యూటర్ పెట్రోలు గుమ్మరిస్తోంది. ఆ అతుకులో గాస్కెట్ కాలి చిల్లు పడింది, అంతే.”

కొత్త గాస్కెట్ వేసి బోల్టులు బిగించారు. స్కానర్‌లో అంకెలు దారికొచ్చాయి. బావమరిది స్కానర్ పక్కన పడేసి, “బావా!” అన్నాడు.

నర్సు గబగబా బండెక్కింది. “వస్తూనే మీ గుండె వింటాను. ఎక్కడికీ పోకండి బాబాయ్!”

“నేనెక్కడికి పోతానమ్మా, వీధి చివర దాటి ఏనాడైనా పోయానా?”

నిజమే. ఎన్ని బండ్లు నడిపినా ఆయన ట్రయల్ వీధి చివరిదాకానే. బండి ఆ మలుపు తిరిగి, చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా నిలబడి విన్నాడు. నున్నగా పోతోంది. తృప్తిగా తల ఊపి, లోపల స్టూలు మీద కూర్చున్నాడు.

పరీక్ష నెగ్గిన నర్సు హారన్ కొట్టుకుంటూ వచ్చింది. స్టెతస్కోపు అప్పటికే మెళ్లో ఉంది. “బాబాయ్, పాసైపోయాం!” అంటూ లోపలికి పరిగెత్తింది.

ఆయన గోడకి తల ఆనించి, ఏదో వింటున్నట్టు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఆమె మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. మోకాళ్ల మీద కూర్చుని, స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నది.

“పొద్దున్నే వినాల్సింది,” అంది పరుగున వచ్చిన బావమరిదితో, ఏడుస్తూ. “నేను పొద్దున్నే వినాల్సింది.”

రబ్బరు గొట్టం నున్నటి కొస ఇంకా ఆయన చెవి దగ్గరే ఉంది, రెండో కొస చొక్కా గుండీల సందులోంచి ఛాతీ మీదికి దూరి ఉంది.