సోమవారం కాటా

అన్యాయం ఎవరికి జరిగింది? పరుగుపందెంలో ఒకప్పుడు తన కాలేజీకి పేరు తెచ్చిపెట్టిన ఆడపిల్లకి. ఎలా జరిగింది? తన ఒంట్లో ఏదో తేడా వచ్చిందని ఆ పిల్ల కోచ్‌కి చెప్పుకుంది. కోచ్ ఆ మాట విని మొదట మెచ్చుకుంది. తరువాత, అసలు అలాంటి మాటే తన చెవిన పడలేదని బొంకింది. మొదటిది తెలియనితనం, రెండవది నేరం. ఆ తేడా కోచ్‌కి ఆనాటి నుంచీ తెలుసు. తెలిసి కూడా జుట్టు నెరిసేదాకా నోరు మెదపలేదు.

ఆమె పదవిలో ఉన్నన్నాళ్ళూ ఆడపిల్లలు చాటుగా ఆమెను తక్కెడమ్మ అని పిలుచుకునేవారు. సోమవారం వస్తే చాలు, వ్యాయామశాల మూలనున్న పాత ఇనుప కాటా ముందు జట్టంతా ఉత్త కాళ్ళతో వరుసలో నిలబడాలి. ఒక్కొక్కరు ఎక్కుతుంటే ఆమె ముల్లు చూసి, బరువును హాలంతా వినబడేలా చదివేది. పెరిగినవాళ్ళు తల దించుకుని మైదానం చుట్టూ అదనంగా పరుగెత్తాలి. తగ్గినవాళ్ళకు జట్టు చప్పట్లు కొట్టాలి. ఆ పద్ధతిని ఆమె క్రమశిక్షణ అనుకుంది. ఆమెను తయారుచేసిన గురువు కూడా అలాగే చేశాడు మరి.

అందరికంటే ఎక్కువ చప్పట్లు అందుకున్న పిల్లకు పిచ్చుక అని ముద్దుపేరు పెట్టింది కూడా ఆమే. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆ పిల్ల నోరు కట్టుకుంది, కడుపు మాడ్చుకుంది. ఒకరోజు అందరూ వెళ్ళిపోయాక దగ్గరకు వచ్చి, చెప్పలేక చెప్పలేక, నెలసరి ఆగిపోయి చాలా రోజులైందని చెప్పింది.

కోచ్ నవ్వి భుజం తట్టింది. "అంతేనా? మంచిదేగా. ఒళ్ళు పందేనికి తయారైందన్నమాట. ఆటగత్తెలకి ఆ బెడద ఉండకపోతేనే సుఖం."

ఆ సంవత్సరపు పెద్ద పందెంలో, చివరి మలుపు దగ్గర, పిచ్చుక తొడ ఎముక ఎండుపుల్లలా విరిగింది. తిండి లేక, నెలసరి లేక ఎముకలు గుల్లబారాయని డాక్టరు చెప్పాడు. ఆనాటి ప్రిన్సిపాల్ జట్టునంతా వ్యాయామశాలలో నిలబెట్టి అడిగాడు: ఈ పిల్ల తన ఆరోగ్యం సంగతి కోచ్‌కి ముందే చెప్పిందా, లేదా?

"లేదు సార్," అంది కోచ్. "గెలుపు మోజులో అన్నీ దాచిపెట్టింది."

చంకల్లో కర్రలు ఆనించుకుని నిలబడ్డ పిచ్చుక ఆమె వంక ఒక్కసారి చూసింది. వాదించలేదు, ఏడవలేదు. ఆటల కోటాలో వచ్చిన సీటు పోయింది, హాస్టల్ గది పోయింది. కోచ్ చేతులు దులుపుకుంది గాని, ఆ చూపును మాత్రం దులుపుకోలేకపోయింది. నిద్ర పట్టని ప్రతిసారీ అది వచ్చి మంచం పక్కన నిలబడేది.

ఇన్నేళ్ళకు, ఆమె దగ్గరే పరుగు నేర్చి ఇప్పుడు అదే జట్టుకు కోచ్ అయిన శిష్యురాలు ఫోన్ చేసింది.

"మేడమ్, ఒక పిల్ల కాటా ఎక్కనని మొండికేసింది. జట్టులోంచి తీసేద్దామంటే, ముందు మీలాంటి పెద్దవాళ్ళని ఒక మాట అడుగుదామంటున్నారు ప్రిన్సిపాల్ గారు. మీరొచ్చి ఇది ఎప్పటినుంచో ఉన్న పద్ధతేనని చెప్తే చాలు. అన్నట్టు, కొత్త మైదానానికి మీ పేరే పెడుతున్నారు, తెలుసా?"

తెలుసు. ఆ వార్త విన్ననాటి నుంచే ఆమెకు అన్నం సహించడం లేదు.

ఆమె కాలేజీకి వెళ్ళేసరికి, వ్యాయామశాల బయట వరండాలో, బల్ల మీద పొడుగుకాళ్ళ పిల్ల ఒకతె కూర్చుని ఉంది. పక్కనే ఒక నడివయసు స్త్రీ. ఆమె లేచి నిలబడినప్పుడు ఒక కాలు కాస్త వెనకబడింది. తక్కెడమ్మకి ముఖం కంటే ముందు ఆ కాలే గుర్తుకొచ్చింది.

"బాగున్నారా మేడమ్?" అంది పిచ్చుక. "కాస్త ఒళ్ళు చేసినట్టున్నారే. మైదానం చుట్టూ తిరిగొస్తారా?"

పిల్ల కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వు... ఇక్కడ?"

"దీని పెద్దమ్మని. మా చెల్లెలికి సెలవు దొరకలేదు, నన్ను పంపింది. కాటా ఎక్కనన్నది ఇదే. నెలసరి ఆగిపోయిందని కోచ్‌కి చెప్తే ఏమందో తెలుసా? నువ్వే చెప్పవే."

పిల్ల నేల చూపులు చూస్తూ అప్పజెప్పింది. "మంచిదేగా, ఒళ్ళు పందేనికి తయారైందన్నమాట అన్నారు పెద్దమ్మా."

తక్కెడమ్మకి తల కొట్టేసినట్టయింది. అవి తన మాటలే, అక్షరం పొల్లుపోకుండా. తాను నేర్పిన పరుగులు ఎందరు మరిచిపోయారో గాని, ఈ మాట మాత్రం చేతులు మారి బతికింది. ఇంకొక పిల్ల ఎముకల దాకా వచ్చింది.

"అమ్మాయ్," అంది. "నీ విషయంలో నేను చాలా తప్పు చేశాను. నన్ను..."

"ఇక్కడెందుకు మేడమ్?" పిచ్చుక గొంతు పెంచలేదు. "ఇక్కడ నేనూ, ఇదీ, ఈ బల్లా తప్ప ఎవరున్నారు? మీరు అబద్ధమాడింది లోపల, పదిమంది ముందు. చెప్పాలనుంటే అక్కడే చెప్పండి. లేదంటారా, వద్దు. ఇన్నాళ్ళూ మోశాను, ఇకమీదటా మోస్తాను. కానీ దీన్ని మాత్రం మోయనివ్వను."

లోపల జట్టంతా గోడ వెంబడి నిలబడి ఉంది. మూలన అదే కాటా. రంగు మాత్రం కొత్తది. ప్రిన్సిపాల్ మర్యాదగా కుర్చీ చూపించింది. తక్కెడమ్మ కూర్చోలేదు. వెళ్ళి కాటా కమ్మిని పట్టుకుంది. చల్లటి ఇనుము తగిలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈ పద్ధతి మంచిదని చెప్పడానికి నన్ను పిలిచారు," అంది. "మంచిది కాదు. అదిగో, అక్కడున్న ఆవిడ ఒకప్పుడు ఇక్కడ నా దగ్గర పరుగెత్తేది. నెలసరి ఆగిపోయిందని నాతో చెప్పింది. మంచిదే అన్నాను. ఎముక విరిగాక, చెప్పనేలేదని ఈ హాల్లోనే అబద్ధమాడాను. ఆవిడ ఏమీ దాచలేదు. దాచింది నేను."

శిష్యురాలి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు ఇదే గోడ పక్కన వరుసలో నిలబడ్డ పిల్లల్లో ఆమె కూడా ఒకతె.

"ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా ఇప్పుడెందుకు మేడమ్?" అంది ప్రిన్సిపాల్ నెమ్మదిగా.

"ఈ పిల్ల కాళ్ళు ఇంకా బాగున్నాయి కాబట్టి. ముందు డాక్టరుకి చూపించండి. సరిపడా తిననివ్వండి. నెలసరి ఆగడమంటే ఒళ్ళు మొర పెట్టుకోవడమని మీ కోచ్‌కి చెప్పండి. నేర్పాల్సిన రోజుల్లో నేను దానికి తప్పే నేర్పాను. ఇక, మైదానానికి నా పేరు పెట్టకండి."

వరుస చివర ఎవరో పిల్ల చప్పట్లు కొట్టబోయింది.

"వద్దమ్మా," అంది తక్కెడమ్మ. "ఈ హాల్లో చప్పట్లు చేసిన పాపం చాలు."

ప్రిన్సిపాల్, డాక్టరు సరేనన్నాక పిల్ల మళ్ళీ జట్టులో పరుగెత్తవచ్చని, కాటాను ఆ పూటే అక్కడి నుంచి తీసేయిస్తానని చెప్పింది. పిచ్చుక వైపు తిరిగి, ఆమె ఏమీ దాచలేదన్న మాట కాలేజీ తరఫున అందరికీ తెలియజేస్తానంది. శిష్యురాలు తానే వెళ్ళి కాటా ఒక అంచు పట్టుకుంది. రెండో అంచు పట్టుకోవడానికి ఇద్దరు పిల్లలు ముందుకు వచ్చారు.

అందరూ బయటకు నడుస్తుంటే తక్కెడమ్మ వెనకబడింది. పిచ్చుక గుమ్మం దగ్గర ఆమె కోసం ఆగింది.

"నన్ను క్షమించావా అమ్మాయ్?"

పిచ్చుకది మొదటినుంచీ తొందరపడి మాట జారే స్వభావం కాదు.

"అది వేరే సంగతి మేడమ్. అది నా చేతిలో కూడా లేదేమో. కానీ మీరు నాకు పడ్డ బాకీ మాత్రం తీరిపోయింది. పూర్తిగా."

ఆ మాట అని, మెట్లు దిగడానికి ముసలామెకు చెయ్యి అందించింది.