ఒక్క చుట్టు

హార్డ్‌డిస్క్ పాడైతే మనవాళ్లు చేసే మొదటి పని దాన్ని తట్టడం. రెండోది, తెలిసినవాడెవడో చెప్పాడని ఫ్రిజ్‌లో పెట్టడం. ఆ రెండూ అయ్యాకే హన్మకొండలో ఈ నవనీత రిపేరు దుకాణం ఒకటుందని గుర్తొస్తుంది. పదకొండేళ్లుగా ఇదే తంతు, నా నోరు కూడా అందుకే ఇట్లా తయారైంది. కానీ గట్టయ్య తెచ్చిన కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. తువ్వాలలో చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని, నెక్కొండ నుంచి పొద్దుటి రైలుకు వచ్చాడు. వెంట కూతురు యమున.

గట్టయ్య ఒక రైసు మిల్లులో కాపలాదారు. యమున భర్త మొగిలయ్య అదే మిల్లులో హమాలీ. దసరా సాయంత్రం నుంచి కనబడని మొగిలయ్య, మర్నాడు పొద్దున వడ్లను పైకెత్తే బెల్టు కింద గుంతలో శవమై దొరికాడు. రాత్రి తాగి వచ్చి, తానే మిషన్ వేసి, గుంతలో పడ్డాడని యజమాని చెప్పాడు. ఊరంతా అదే నమ్మింది.

"మా ఆయన మందు ముట్టడక్కా," అంది యమున. "మా అత్తమ్మ గూడ తాగే సచ్చిండంటాంది. స్విచ్చు ఎవలేసిన్రో నాకు తెల్వాలె. గంతే."

"సేటే ఏసిండు," గట్టయ్య పళ్లు కొరికాడు. "దసరా నాడు పూజ చేసినంక మిషిన్ ఒక్క చుట్టు తిప్పి బందు చేస్తం, రివాజు. మళ్ల తెల్లారేదాంక ముట్టద్దు. ఆ ఒక్క చుట్టు నేనే తిప్పిన. అందరు పోయిన్రని చూసే తాళమేసిన. ఇగ రాత్రి ఎవడు తీసిండు? ఇంకో తాళంచెయ్యి సేటు తాననే ఉన్నది."

మిల్లు ఆఫీసు కంప్యూటర్‌లోనే కెమెరా రికార్డు అయ్యేదట. దసరా మర్నాడే అది ఆన్ కావడం మానేసింది. యజమాని మూలకు పడేస్తే గట్టయ్య తీసుకొచ్చాడు.

ఆన్ చేశాను. నల్ల తెర మీద, బూట్ కావడానికి డిస్కే లేదన్న ఒక్క లైను. తేదీ చూస్తే 2010 జనవరి 1. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఎప్పుడో అయిపోయింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ కంప్యూటర్ అదే తేదీ నుంచి మళ్లీ మొదలుపెట్టేది. డిస్క్ విప్పి నా మిషన్‌కు తగిలించాను. టిక్... టిక్... టిక్. నాకు ఆ చప్పుడంటే భయం. లోపల చదివే ముల్లు చదవలేక వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంటే వచ్చే చప్పుడది. అట్లాంటి డిస్కు ఎన్ని గంటలు బతుకుతుందో చెప్పలేం. ముందు ఉన్నదున్నట్టు ఇంకో డిస్కులోకి కాపీ తీయాలి, చూడటం తర్వాత.

"జర ఓపిక పట్టాలె కాకా. రెండు రోజులు పడ్తది."

"పట్టనీ బిడ్డా. వాని మొకం ఒక్కసారి కనవడితే సాలు. నెక్కొండ నడిబజార్ల నిలవెడ్త."

రెండు రోజులూ ఇద్దరూ వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. కాపీ ఇరవై శాతం దగ్గర ఆగినప్పుడు గట్టయ్య డిస్కుకు దండం పెట్టాడు. నాకు చిరాకేసింది. "దండాలకు నడువది కాకా, సల్లగ ఉంటే నడుస్తది," అని ఫ్యాను దానివైపు తిప్పాను. అతను నవ్వలేదు. రెండో రోజు మధ్యాహ్నం టిక్కుటిక్కు ఆగిపోయింది, డిస్కు ఇక తిరగలేదు. అప్పటికి తొంభై ఒక్క శాతం వచ్చింది.

వీడియోలన్నిటికీ అదే జనవరి తేదీ. ఏది దసరా నాటిదో తెలియదు. ఒక్కొక్కటే తెరుస్తూ పోయాను. ఒకదాంట్లో మిషన్‌కు బంతిపూల దండ కనిపించింది. వాళ్లిద్దరూ బల్లకు అవతల ఉన్నారు, తెర నావైపే ఉంది.

మిల్లు ఖాళీగా ఉంది. మొగిలయ్య వచ్చాడు. యమున ఫోన్‌లో చూపించిన మనిషే. చేతిలో మిగిలిన దండ ముక్క ఉంది. అడుగు తూలడం లేదు. బెల్టు కింది చక్రానికి ఎవరూ పూలు పెట్టలేదని కాబోలు, గుంతలోకి దిగాడు. నాలుగు నిమిషాలు ఏమీ లేదు. తలుపు సందులోంచి నేల మీద ఎండ పడుతోంది. అంటే అది రాత్రి కాదు, ఇంకా తాళం పడలేదు. ఆపేద్దామనుకున్నాను, చెయ్యి రాలేదు.

హారతి పళ్లెంతో గట్టయ్య వచ్చాడు. నాలుగు వైపులా చూశాడు. ఎవరూ లేరనుకున్నాడు. హారతిచ్చి, కళ్లు మూసుకుని, స్విచ్ నొక్కాడు. దండ ఊగింది. పది సెకన్లు. ఆపాడు. స్విచ్‌ను ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు. తలుపు వేసి వెళ్లిపోయాడు. గుంతలోంచి ఎవరూ పైకి రాలేదు.

"ఏమన్న కనవడ్తాందా అక్కా?" యమున లేచి నిలబడింది.

రాని ఆ తొమ్మిది శాతంలో పోయిందంటే ఎవరు కాదంటారు? డిస్కు మొదటి రోజే చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది.

"లేదు యమునా. ఆ దినానిది కరాబైంది."

నాకు అబద్ధాలు చేతకావు. గట్టయ్య నా మొహం చూశాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా వెనక నిలబడ్డాడు. వీడియో మళ్లీ మొదటి నుంచి ఆడుతోంది. ఆపబోతే నా చెయ్యి పట్టుకున్నాడు. చివరిదాకా చూశాడు.

"సేటేనా బాపూ?" అటువైపు నుంచి యమున అడిగింది. "వాడేనా?"

"తీసేస్త కాకా," అన్నాను గుసగుసగా. అన్నాను గానీ, మొగిలయ్య తాగలేదనడానికి ఈ లోకంలో ఉన్న సాక్ష్యం అదొక్కటే. అది పోతే అతను ఎప్పటికీ తాగుబోతే. ఆ సంగతి నాకంటే ముందే గట్టయ్యకు తట్టినట్టుంది. తల అడ్డంగా ఊపాడు. తెరను రెండు చేతులతో పట్టుకుని కూతురి వైపు తిప్పాడు.

"అల్లుడు తాగలే బిడ్డా," అన్నాడు. "మంచిగ నడుసుకుంట వచ్చిండు, సూడు. ఆయన ఎనుక వచ్చేటోన్ని గూడ సూడు."