ఇశ్రాయేలు తాతలకు మూడు ఆకులు

తిథి వంట రోజున అంగమ్మాళ్‌కు ఎవరిమీద కోపమొస్తుందో ఆమెకే తెలియదు. తెల్లవారగానే తలంటుకుని, తడిచీరతోనే పొయ్యి ముట్టించి, అరటికాయ మీద, చింతపండు మీద, చివరికి ఏ పాపమూ ఎరగని రోకలి మీద కూడా నోరు చేసుకునేది. ఆమె కొడుకు వీరాసామి కొత్తనారు, అంటే ఇటుకా సున్నం పనివాడు. ఫ్రెంచి దొరల వీధుల్లో ఏనుగు ఆనుకున్నా కదలని గోడలు కట్టేవాడు. అమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం, తిథి రోజున ఆమె కంటబడకుండా పెరట్లో మునగచెట్టు చాటున కూర్చుని, అరటాకులు తుడిచిందే తుడుస్తూ ఉండేవాడు.

మధ్యాహ్నానికి ఆకులు పరిచి, వాకిట్లో నిలబడి చచ్చిపోయిన తండ్రిని, తాతను, ముత్తాతను పేరుపేరునా పిలిచేవాడు. వాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ వీధిలో అందరిళ్ళకూ వాళ్ళ వాళ్ళు అట్లాగే వచ్చేవాళ్ళు. కాళ్ళు కడుక్కుని, పీటల మీద కూర్చుని, చారులో ఉప్పు చాల్లేదని, వడ రాయిలా ఉందని వంకలు పెడుతూ తిని, వక్కాకు నోట వేసుకుని వెళ్ళిపోయేవాళ్ళు.

దానికి పద్ధతులున్నాయి. ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు పేరు పెట్టి పిలవాలి. పిలవకపోతే గడప దాటలేరు. పేరు తెలియని పాతవాళ్ళనైతే వంశం పేరు చెప్పి పిలిచినా చాలు. ఎవరు పిలిచారో వాళ్ళనే గుర్తుపడతారు, మిగతా అందరూ వాళ్ళకు కొత్తముఖాలే. అంగమ్మాళ్ వడ్డిస్తుంటే ఆమె మొగుడు మాడసామి ఎవరో పుణ్యాత్మురాలనుకుని ఏటేటా చేతులెత్తి దండం పెట్టి పోయేవాడు. బతికున్నన్నాళ్ళూ ఆమెను కూర్చోమని కూడా అనని మనిషి. ఆమె ఆ దండం తీసుకుని, వంటింట్లోకి పోయి కాసేపు ఏడ్చి, మళ్ళీ వచ్చి పాయసం వడ్డించేది.

ఇంకొక్క పద్ధతి ఉంది. ఆకులు ఎత్తేలోపల పిలుపు అందకపోతే చచ్చినవాళ్ళు ఆ ఇంటి తోవ మరిచిపోతారు. మళ్ళీ ఎన్నిసార్లు పిలిచినా రారు.

ఆ ఏడు వచ్చిన చిక్కు వీరాసామి పెళ్ళాం వల్ల వచ్చింది. ఆమె పేరు పంకజం. జ్వరంతో మంచం పట్టినప్పుడు కన్యాస్త్రీలు పక్కన కూర్చుని గంజి తాగించారు, జపం చెప్పారు. ఆ జపం ఆమెకు నచ్చింది. జ్ఞానస్నానం తీసుకుని చర్చిలో చేరి అన్నమ్మాళ్ అయింది, నెల తిరక్కుండానే పోయింది. చర్చి వెనకాల సమాధుల తోటలో పడుకోబెట్టారు. చర్చివాళ్ళలో చచ్చినవాళ్ళు తిథికి రారు. కడపటి రోజున బూర ఊదేదాకా కదలకుండా పడుకోవాలని వాళ్ళకు కట్టడి. అసలే అది పిరికిది, అంతమంది మధ్య లేచి కూర్చున్నప్పుడు పక్కన తెలిసిన ముఖం ఒక్కటైనా లేకపోతే బెదిరిపోతుందని వీరాసామి దిగులు. అందుకని ఆమె పక్కన చోటు కోసం తనూ జ్ఞానస్నానం తీసుకున్నాడు. ఇన్నాసి అని పేరు పెట్టారు. ఉపదేశి సవరిరాయన్ తప్ప ఆ పేరుతో పిలిచినవాడు లేడు, పిలిచినా వీరాసామికి పలకాలని తోచేది కాదు.

ఉపదేశి అంటే చర్చిలో పాఠం చెప్పే పెద్దమనిషి. మెత్తని మనిషే, కానీ నియమం నియమమే. జ్ఞానస్నానం లేకుండా పోయిన పెద్దలను తిథికి పేరు పెట్టి పిలవనని వీరాసామి చేత సిలువ ముట్టించి మాట తీసుకున్నాడు. మాట తప్పితే సమాధుల తోటలో చోటు ఉండదు. వీరాసామి మాట ఇచ్చేసి, మరి తిథి నాడు ఎవరిని పిలవాలని అడిగాడు. ఆకు పరచకుండా ఆ రోజు గడుస్తుందని అతని ఊహకు కూడా రాలేదు.

ఉపదేశి పాఠం చెప్పే గొంతుతోనే చెప్పాడు. "అడివి కొమ్మను తెచ్చి మంచి చెట్టుకు అంటుకట్టినట్టు నిన్ను ఇశ్రాయేలుకు అంటుకట్టినారు ఇన్నాసీ. వేరు వాళ్ళది, పాలు వాళ్ళవి. వాళ్ళ పెద్దలే ఇంక నీకు పెద్దలు."

"వాళ్ళకు తిథి ఏ నెలలో వస్తాది సామీ?"

ఉపదేశి అది హాస్యం అనుకుని నవ్వి, భుజం తట్టి పంపేశాడు. వీరాసామి ఇటుకల విషయంలోనూ దేవుడి విషయంలోనూ హాస్యమాడే మనిషి కాడని ఆయనకు తెలియదు. ఇంటికొచ్చి, తండ్రి తిథి రోజునే, అదే మూడు ఆకుల్లో, ఇశ్రాయేలు పెద్దలకు అన్నం పెట్టాలని తీర్మానించుకున్నాడు.

అమ్మకు ఆ సంగతి వంట సగంలో చెప్పాడు.

"ఇశ్రాయేలా? అది యాడుండాది, తిండివనం అవతలా?" అంది అంగమ్మాళ్.

"సముద్రం అవతల."

"ఆడినుంచి వచ్చేలోపల అన్నం చల్లారి రాయి కాదంట్రా? సరే రానీ. మీ నాయనకు ఇంకో ఆకు కొయ్యి."

నాయనను పిలవకూడదని వీరాసామి నెమ్మదిగా చెప్పాడు. మాట ఇచ్చానన్నాడు, అన్నమ్మాళ్ పక్కన చోటు పోతుందన్నాడు. ఆ తరవాత అంగమ్మాళ్ అరటికాయనూ తిట్టలేదు, రోకలినీ తిట్టలేదు. చప్పుడు లేకుండా వండింది. వీరాసామికి ఆ రోజు నిజంగా భయం వేసింది అప్పుడే.

చర్చిలో మధ్యాహ్నం గంట కొట్టారు. వీరాసామి నొసట సిలువ గుర్తు వేసుకుని వాకిట్లో నిలబడ్డాడు. ఉపదేశి పాఠంలో పెద్ద పెద్ద పేర్లు చాలా చెప్పాడు కానీ, వీరాసామికి ఒక్కటీ నాలుక మీద నిలవలేదు. తప్పు పేరు పిలిస్తే ఎవరొస్తారోనని జంకి, వచ్చినట్టు పిలిచాడు. "ఇశ్రాయేలు తాతల్లో ఎవురూ పిలవనోళ్ళు, ఆకలిగొన్నోళ్ళు ఉంటే, రాండి."

ఉపదేశి పిలిచి ఉంటే రాజులు వచ్చేవాళ్ళేమో. వీరాసామి పిలుపుకు ఎవరూ పిలవనివాళ్ళే, ఆకలిగొన్నవాళ్ళే వచ్చారు. ముందు ఒక ముసలాయన, మోకాళ్ళదాకా బురద, గడ్డంలో గడ్డిపరకలు. పరాయి దేశంలో వెట్టికి ఇటుకలు చేసి చేసి పోయినవాడట. రాగానే వాకిలి గోడను వేలితో తట్టి, పెదవి విరిచాడు. వెనకాల ఇంకొకాయన, చేతిలో తీగల వాయిద్యం. దాన్ని పెరట్లోకి తీసుకుపోయి మునగచెట్టు కొమ్మకు తగిలించి, మళ్ళీ దానివైపు చూడనైనా చూడలేదు. ఆ వెనకాల ఒక ముసలామె, కొంగులో గింజలు ఏరుకున్న మడత ఇంకా అలాగే ఉంది. వాళ్ళ భాష వాళ్ళదే, అయినా చచ్చినవాళ్ళ మాట ఎవరికైనా తెలుస్తుంది. ఎదురింటి మీనాంబాళ్ తొంగిచూసి, వీళ్ళింటికి ఈ ఏడు దూరపు చుట్టాలు వచ్చినట్టున్నారని చెప్పుకుంటూ తన ముత్తాతకు విసనకర్ర వెతకబోయింది.

కూర్చున్నారు. వేయించిన ఎండుచేపను ఇటుకలాయన వెలుగుకు పట్టి, పొలుసు ఉందో లేదో తిప్పి తిప్పి చూశాడు. పొలుసు లేని చేప వాళ్ళకు పనికిరాదట. అంగమ్మాళ్‌కు అప్పటికి నోరు తిరిగొచ్చింది. "ఏందయ్యా, పెండ్లిచూపులకు వచ్చినట్టు చూస్తావు. దానికి ఒళ్ళంతా పొలుసే, తిను," అంది. ఆయన తిన్నాడు.

వీరాసామి చారు గిన్నెతో వంటింటి గడపలోంచి అడుగు బయటికి పెట్టి ఆగిపోయాడు. వీధి వాకిట్లో, నడి ఎండలో, మాడసామి నిలబడి ఉన్నాడు.

అలవాటు చొప్పున వచ్చాడు. తాత, ముత్తాత పిలుపు లేదని దారిలోనే వెనక్కి మళ్ళినట్టున్నారు. మాడసామికి బతికున్నప్పుడూ అంత తొందరగా సంగతి బోధపడేది కాదు. తలగుడ్డ విప్పి చంకలో పెట్టుకుని, పిలుపు ఇప్పుడొస్తుంది, ఇంకాసేపట్లో వస్తుంది అన్నట్టు గుమ్మంలోకి చూస్తున్నాడు. చూపు వీరాసామి ముఖం మీదినుంచే పోతోంది, గోడ మీదినుంచి పోయినట్టు.

వీరాసామి నోరు తెరిచాడు. సిలువ ముట్టిన చెయ్యి బరువెక్కింది. బూర మోగడం, లేచిన అంతమంది మధ్య అన్నమ్మాళ్ పక్కకు తడుముకోవడం కళ్ళముందు ఆడింది. నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. చారు చల్లారిపోతోంది. ఆకుల్లో అన్నం తరిగిపోతోంది. చివరి ముద్ద అయిందంటే ఆకులు ఎత్తాలి. అటువైపు అడుగేస్తే పెళ్ళాం పోతుంది, ఇటువైపు నిలబడితే నాయన పోతాడు. నట్టింట్లో గిన్నె పట్టుకున్న స్తంభంలా ఉండిపోయాడు.

మరి అంగమ్మాళ్ పిలవొచ్చు కదా అంటారు. ఆమె ఎట్లా పిలుస్తుంది? మొగుడి పేరు నోటితో అనకూడదు. అన్నం అడుగంటితే మాడింది అనడానికి కూడా నోరు రాక, నల్లబడింది అని సరిపెట్టుకుంటూ ముసలిదైపోయిన మనిషి. ఆమె చేయగలిగిందల్లా చెంబుతో నీళ్ళు తీసుకుని వాకిట్లోకి పోవడం. పోయింది. మాడసామి ఆ కొత్తావిడకు ఎప్పటిలాగే దండం పెట్టాడు. చెంబు అందుకోలేదు. పిలుపు లేని చేతికి చెంబు అందదు.

ఆమె వెనక్కి తిరిగి వచ్చేసరికి గుమ్మానికి అడ్డంగా ఆ ముసలామె నిలబడి ఉంది. ఆకు మీదినుంచి ఎప్పుడు లేచిందో, రెండు చేతులూ రెండు వాకిలి కమ్ములకూ ఆనించి, కొత్త పెళ్ళికూతురిని ఆడబిడ్డ ఆపినట్టు ఆపింది.

"ఆ మనిషి ఎవురు?" అంది.

"ఈళ్ళ నాయన," అంది అంగమ్మాళ్, కొడుకు వైపు గడ్డం చూపించి.

"పేరు జెప్పి లోపలికి రా."

అంగమ్మాళ్ నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన పెళ్ళినాడు ఆడబిడ్డలు గడప దగ్గర ఇట్లాగే ఆపితే, సిగ్గుతో చచ్చి, పేరు చెప్పి లోపలికొచ్చింది. ఆడదానికి ఆ పేరు చెప్పే హక్కు జన్మలో ఆ ఒక్కసారి, ఆ గడప మీదే. "ఈ వయసులో నాతో ఆటలేంది తల్లీ, అన్నం చల్లారిపోతాది," అంది.

"ఈ ఇశ్రాయేలోళ్ళింట్లో నేను పుట్టలా. పరాయిదేశం నుంచి వచ్చిన కోడల్ని. నన్ను బాగానే చూసుకున్నారు, తప్పు చెప్పను. కానీ నా పుట్టింటోళ్ళను నేను ఏనాడూ పిలవలా. పిలవచ్చునో కూడదో తెలీక, ఎవుర్నీ అడగలా. మా అమ్మ ఏ వాకిట్లో ఎండకు నిలబడుకుందో ఇప్పటికీ తెలీదు." ముసలామె చేతులు కమ్ముల మీదినుంచి తీయలేదు. "జెప్పు."

ఇటుకలాయన ముద్ద నోటిదాకా తెచ్చి ఆపాడు. వాయిద్యమాయన కూడా తలెత్తాడు. అంగమ్మాళ్ కళ్ళు మూసుకుంది.

"మాడసామి," అంది. గాలి పీల్చినంత మెల్లగా అంది.

మాడసామి గడప దాటాడు. వాకిట్లో కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి ఆమె ముందు నిలబడి, ముఖంలోకి తేరిపార చూశాడు.

"ఏమే, ఇంత చిక్కిపోయినావు?" అన్నాడు.

"కనబడినానా ఇన్నాళ్ళకు," అంది అంగమ్మాళ్. చెంబు అతని చేతిలో పెట్టి, ఆ వంకన కాళ్ళ దగ్గర కూలబడింది.

ఆకులు మూడే. పీటలూ మూడే. ఎండలో నిలబడటమంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదని ఇటుకలాయన గొణిగి, పక్కకు జరిగి, తన పీటలో సగం, ఆకులో సగం ఇచ్చాడు. వాయిద్యమాయన తన వడ తెచ్చి ఆ సగంలో పెట్టాడు. కాసేపటికి ఇటుకలాయనా మాడసామీ మట్టి గురించి, గడ్డి గురించి మాటల్లో పడ్డారు. ఈ ఇంటి గోడ ఎవరు కట్టారోగానీ పని రానివాడని ఒకాయన, కట్టింది నేనేనని ఇంకొకాయన. తోవ గురించి దిగులు పడొద్దని, వచ్చే ఏడు నీ పెద్దలను కూడా వెంటబెట్టుకుని మాతోనే వచ్చేయమని, మమ్మల్ని పిలిస్తే నిన్ను పిలిచినట్టేనని ముసలామె మాడసామికి చెప్పింది. మాడసామి సరేనన్నాడు. వీరాసామి ఇచ్చిన మాట తప్పలేదు, సమాధుల తోటలో చోటూ పోలేదు. దానికోసం అతను చేసింది ఏమీ లేదు, అక్కడ నిలబడ్డాడు, అంతే.

చారు మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చి, వరసగా వంచుతూ తండ్రి దగ్గరికొచ్చాడు. మాడసామి పోసే చేతిని చూశాడు, ముఖం చూశాడు, పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఎవురే ఈయన? చెయ్యి నిదానంగా ఉండాది."

అంగమ్మాళ్ కొడుకు వైపు చూసింది. నీ కొడుకే అంటే, ఆ ముఖంలో కొడుకును వెతుక్కుంటాడు, దొరకడు. అన్నం ముందర ఆ బాధ దేనికి? ముసలామె కూడా ఆకులోంచి తలెత్తి ఆమెనే చూస్తోంది.

"ఈళ్ళింటికి ఇల్లరికం పోయిన అల్లుడు," అంది అంగమ్మాళ్, ఇశ్రాయేలు వాళ్ళ వైపు గడ్డం చూపించి.

"అట్నా." మాడసామి సర్దుకుని కూర్చున్నాడు. గొంతులో మర్యాద వచ్చింది. "అల్లుడయ్యా, మా వీరాసామి అని ఒకడుండాల. పనికి పోయినట్టుండాడు. వస్తే, మీ నాయన వచ్చి కడుపునిండా తినిపోయినాడని జెప్పండయ్యా."

"జెప్తా మామా," అన్నాడు వీరాసామి, ఇంకొక గరిటె చారు వంచి.