కడ్లెత్స్ గారి ఏనుగు పుస్తకం

ఈ వెంకటసత్యనారాయణ అనేవాడు కువైట్‌లో కాలు పెట్టకపోయి ఉంటే, పెట్టినా మంగఫ్ క్యాంపులో తన పైపులేవో తాను బిగించుకుంటూ పడి ఉంటే, శుక్రవారం పూట ఆ చదరంగం క్లబ్బు మెట్లెక్కి కడ్లెత్స్ ముసలాయన కంట్లో పడకపోయి ఉంటే, ఇవాళ ఈ స్కూలు మైదానంలో తువ్వాలు తడిపి నెత్తిన వేసుకుని బస్రా పోయే బస్సు కోసం కూర్చున్న చాంద్ బాషా కడుపులో ఈ మంట ఉండేది కాదు, సద్దాం సైన్యం వచ్చి నెలన్నర దాటింది, అందరూ వాళ్లనే తిడుతున్నారు, ఒకడికి ఫ్రిజ్ పోయింది, ఒకడికి వీసా ఇచ్చిన కఫీల్ చెప్పాపెట్టకుండా సౌదీ పారిపోయాడు, ఇంకొకడికి దాచుకున్నదంతా బ్యాంకులోనే ఇరుక్కుపోయింది, తనను దోచినవాడు మాత్రం ట్యాంకు మీద రాలేదు, కోనసీమ నుంచి నున్నగా తల దువ్వుకుని వచ్చాడు, ఆయ్, ఏవండీ, అంటూ వచ్చాడు, ఏందన్నా ఆ సంచి, బాలింత బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావు, బంగారమా ఏంది, అంటోంది పక్కన సూట్‌కేసు మీద కూర్చున్న బుడేన్‌బీ, జాబ్రియాలో అరబ్బుల ఇంట్లో పనిచేసిన మనిషి, రాయచోటిలో తమ వీధి చివరి ఇంటామె, బంగారం కాదు బుడేనమ్మా, పుస్తకం, అన్నాడు, ఆమె పకపకా నవ్వింది, నువ్వు చదివింది నాలుగో క్లాసు గదన్నా, నీకేంటికి పుస్తకం, పొట్లాలు కట్టుకోనీకా, అంది, నవ్వుకోనీ, దీని విలువ ఆమెకేం తెలుసు, ఇది కడ్లెత్స్ సారు పుస్తకం, ఆయన స్వయానా తనకిచ్చింది, సంచిలో రెండు చొక్కాలు తీసేసి మరీ దీన్ని పెట్టుకున్నాడు.

ఆ మాటకొస్తే బొహుమిల్ కడ్లెత్స్ అంటే ఎవరికి తెలుసు, చెకోస్లోవాకియాలో సారాయి బట్టీకి బార్లీ ఎండబోసే కూలివాని కొడుకు, ఇరవై నాలుగేళ్లకే వాళ్ల దేశం తరఫున బల్ల ముందు కూర్చుని, లోకంలో తనకు ఎదురు లేదనుకున్న మొనగాణ్ని అరవై ఎత్తుల దాకా ఊపిరాడకుండా చేసి ఆట సమం చేసినవాడు, ఆ ఏడే ఒక కొత్త ఎత్తు కనిపెట్టాడు, సంతోషం పట్టలేక స్నేహితుడికి ఉత్తరం రాశాడు, ఆ స్నేహితుడు దాన్ని తన పేరు మీద అచ్చేయించుకున్నాడు, నేటికీ పుస్తకాల్లో ఆ దొంగ పేరే ఉందట, తర్వాత యుద్ధం, తర్వాత కమ్యూనిస్టు పార్టీవాళ్లు చూపించిన కాగితం మీద సంతకం పెట్టలేదని పోటీలకు పంపడం మానేశారు, చివరికి అరబ్బు పిల్లలకు ఆట నేర్పే ఉద్యోగంలో పడి, బ్నీద్ అల్ గార్‌లో రెండు గదుల ఇంట్లో తేలాడు, వండిపెట్టడానికి చాంద్ బాషా కుదిరాడు, ఇదంతా ఆయన వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఉల్లిగడ్డల ఘాటుకు కళ్లద్దాలు తుడుచుకుంటూ, వచ్చీరాని అరబ్బీలో చెప్పాడు, స్నేహితుడి సంగతి దగ్గర హరామీ, హరామీ అని రెండుసార్లు అని నవ్వేశాడు, ఎట్ల నవ్వుతావు బాబా, నేనైతే వాని గొంతు పిసికేవాణ్ని, అంటే, నలభై ఏళ్లు పిసికాను చాంద్, మనసులోనే, వాడు బాగానే ఉన్నాడు, నాకే చేతులు నొప్పి పెట్టాయి, అన్నాడు, అప్పుడు ఆ మాట చాంద్ బాషా పట్టించుకోలేదు, పప్పులో తాలింపు మాడుతోంది.

ఆట తనకు కొత్త కాదు, చిన్నప్పుడు మామ పంక్చర్ అంగట్లో నేర్చుకున్నదే, బాద్షా, వజీర్, హాథీ, ఊంట్, ఒకరోజు చాయ్ తెచ్చిపెట్టి బల్లమీద కాయలు చూసి అట్లే నిలబడిపోతే ముసలాయన ఏమీ అనకుండా కుర్చీ జరిపాడు, అంతే, పదకొండేళ్లు, మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజూ ఒక ఆట, ఆటలో మాట్లాడకూడదు, నోరు తెరిస్తే స్పూనుతో వేళ్లమీద కొట్టేవాడు, అట్లాంటి ఇంట్లోకి ఈ సత్యనారాయణ దిగబడ్డాడు, నాలుగేళ్ల కిందట, డిప్లొమా చదివాడు, ఇంగ్లీషు తెలుసు, పుస్తకాల్లో ఎత్తుల్ని రాసే ఆ అక్షరాలూ అంకెలూ బియ్యంలో రాళ్లేరినంత సులువుగా చదివేస్తాడు, ముసలాయన మొహం వెలిగిపోయింది, ఆ వెలుగు చాంద్ బాషా పప్పుకూ రాలేదు, ఎత్తుకూ రాలేదు, శుక్రవారమొస్తే హాల్లో ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చునేవాళ్లు, రబ్బరు ముద్రల డబ్బా తెరిచి, ఇంకు అద్ది, గళ్ల కాగితం మీద కాయల బొమ్మలు గుద్దుకుంటూ, అవునండీ, కాదండీ, తను చాయ్ కప్పులు పెట్టి, ఖాళీవి తీసి, తలుపు దగ్గర నిలబడి, ఎవరూ కుర్చీ జరపరు, సత్యా అని పిలిచేటప్పుడు ఆ గొంతులో తడి ఉండేది, చాంద్ అంటే మాత్రం కూరలో ఉప్పు తగ్గిందన్నట్టు ఉండేది, పైగా వాడి మంచితనమొకటి, కప్పులు నేను కడుగుతానుండండి చాంద్ గారూ, అని సింకు దగ్గరికి వచ్చేవాడు, ఆటా తీసుకుని, మనిషినీ తీసుకుని, కప్పులు కూడా తీసుకుంటాడా వీడు, వదలవయ్యా సామీ, నా పని నాకు వదులు, అని కసిరితే, ఆయ్, తప్పేవుందండీ, అని నవ్వేవాడు, కోపం కూడా తెచ్చుకోడు, తెచ్చుకుంటే ఎంత బాగుండేది.

తర్వాత ఆగస్టు వచ్చింది, సైన్యం వచ్చింది, మందుల అంగళ్లు మూతపడ్డాయి, ముసలాయన గుండె మాత్రలు సగం సగం విరుచుకుని పద్దెనిమిది రోజులు లాగాడు, మంగఫ్ నుంచి వచ్చే దారి నిండా చెక్‌పోస్టులు కాబట్టి సత్యనారాయణ రాలేకపోయాడు, ఆ ఒక్క విషయంలో చాంద్ బాషాకు చెక్‌పోస్టుల మీద కోపం లేదు, మళ్లీ ఇంట్లో ఇద్దరే, మళ్లీ మధ్యాహ్నం ఆట, ఆయన కాయ జరపలేక వేలితో చూపిస్తే తనే రెండువైపులా జరిపేవాడు, చివరిరోజు పొద్దున మంచం కింది ట్రంకుపెట్టె లాగమన్నాడు, రెండు లావాటి పుస్తకాలు, ఒకదాని అట్టమీద బురుజులాంటి కాయ ముద్ర, ఇంకోదాని మీద కోసు టోపీ పెట్టుకున్న కాయ ముద్ర, ఊపిరి కూడదీసుకుని ఆయన అరబ్బీలోనే చెప్పాడు, ఫీల్ పుస్తకం నీది చాంద్, రెండోది సత్యాది, సత్యాకు ఇవ్వు, అని, ఫీల్ అంటే ఏనుగని గల్ఫ్‌లో ఇన్నేళ్లున్నవాడికి ఒకరు చెప్పాలా, బురుజు కాయ ఏనుగు, రాయచోటిలో అడిగినా హైదరాబాదులో అడిగినా అది హాథీయే, కోసు టోపీది ఊంట్, ఒంటె, ఏనుగు తనకు, ఒంటె వాడికి, ఒక్క నిమిషం గుండె పొంగింది, తర్వాత లెక్క తట్టింది, తన పేరు ఒక్కసారి అన్నాడు, వాడి పేరు రెండుసార్లు, అంత కరువైన ఊపిరిలో.

మూడోనాడు ఎట్లాగో దారులు మార్చుకుంటూ వచ్చాడు సత్యనారాయణ, ముసలాయన పోయాడని వినగానే ఆ ఖాళీ కుర్చీ దగ్గర నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు, చాంద్ బాషాకు ఒక్క చుక్క రాలేదు, చూడు, ఏడుపులో కూడా వీడే ముందు, నాకేమైనా ఇమ్మన్నారాండీ, అని అడిగాడు, ఇమ్మన్నాడులే, ఒక పుస్తకం, దోవలో పట్టుబడితే చించేస్తారు, బస్సెక్కేనాడు ఇస్తా, అన్నం తినిపో, అని వంటింట్లోకి వచ్చాడు, గ్యాస్ అయిపోయి వారమైంది, బాల్కనీలో మూడు ఇటుకలు పెట్టి, విరిగిన కుర్చీ చెక్కలు పేర్చి, అంటించడానికి కాగితం కోసం చూస్తే, చూడ్డమేమిటి, చెయ్యి దానంతటదే ట్రంకుపెట్టెలోకి పోయింది, కోసు టోపీ పుస్తకం, మొదటి కాగితం అంచు వెంబడి మెల్లగా చించాడు, రెండోది పరపరా లాగాడు, పదోది దాటాక హాయిగా ఉంది, దేవుడా, ఎంత హాయి, చెక్కలు అంటుకున్నాక కూడా వేస్తూనే ఉన్నాడు, అట్టతో సహా, ఆ మంట మీద ఉడికిన కిచిడీ సత్యనారాయణ రెండుసార్లు పెట్టించుకున్నాడు, మీ చేతి వంట అమృతమండీ, అన్నాడు, తిను నాయనా, తిను, అనుకుంటూ గరిటె నిండా వడ్డించాడు చాంద్ బాషా, ఆ సంతోషం నిన్నటిదాకా కడుపులో చల్లగా ఉంది, ఇవాళ మళ్లీ వాడి మొహం చూడాలనేసరికి పాత మంటే లేచింది.

అదిగో వస్తున్నాడు, రానే వచ్చాడు, భుజాన సంచి, గడ్డం పెరిగి ఎండకు నల్లబడ్డాడు, అయినా అదే నవ్వు, చాంద్ గారూ, బతికున్నారు, అదే పదివేలండీ, అని చెయ్యి పట్టుకున్నాడు, చాంద్ బాషా ముందే సిద్ధం చేసుకున్న మాట చెప్పేశాడు, నీ పుస్తకం పాయ సామీ, మొన్న ఇల్లు సోదా చేసినారు, సోల్జర్లు చించి పారేసినారు, నేను కాళ్లు పట్టుకున్నా వినలే, అన్నాడు, సత్యనారాయణ కింది పెదవి కొరుక్కున్నాడు, ఆ పెదవిని చాంద్ బాషా తృప్తిగా చూశాడు, పోన్లెండి, మనుషులే పోతున్నారు, మీదైనా దక్కిందా, అసలు విలువంతా దాన్లోనే ఉందండీ, అన్నాడు వాడు, ఎందుకు దక్కదు, చూడు, అని బుడేన్‌బీ కూడా చూసేటట్టు సంచిలోంచి తీసి ఒళ్లో పెట్టాడు, బురుజు ముద్ర నల్లగా మెరిసింది, సత్యనారాయణ కళ్లు పెద్దవయ్యాయి, ఇదేనండీ, ఇదే నాది, అని అట్టమీద చెయ్యి వేశాడు.

ఎట్ల నీదవుతాది, ఫీల్ నాదన్నాడు బాబా, నా చెవులతో విన్నా, అని చాంద్ బాషా లాక్కున్నాడు, అవునండీ, ఫీల్ మీదేనండీ, కానీ ఇది ఫీల్ కాదండీ, అరబ్బులు ఆటలో ఫీల్ అనేది మన ఏనుగుని కాదు, కోసు టోపీ కాయని, మా వైపు శకటు అంటాం, మీరు ఒంటె అంటారే, దాన్నండీ, క్లబ్బులో పిల్లలందరూ అలాగే అంటారు, ఆయన కూడా ఆ పేర్లు వాళ్ల దగ్గరే నేర్చుకున్నారు, అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తున్నాడు, చాంద్ బాషా విననట్టు బస్సు వచ్చే దారి వైపు చూశాడు, ఆటలో మాట్లాడనిచ్చుంటే తెలిసేది కదా, పదకొండేళ్లు ఎదురెదురుగా కూర్చుని ఒక్కనాడైనా కాయల పేర్లు చెప్పుకోలేదు కదా, వాడింకా చెప్తున్నాడు, ఇది నాకు చెప్పిన పాఠాలండీ, అచ్చులో ఉన్న పాత ఆటలకి ఆయన రాసుకున్న నోట్లు, ఎక్కడైనా దొరుకుతాయి, పోయిందే, అది మీదండీ, మీరూ ఆయనా ఆడిన ఆటలు, మీరు గిన్నెలు కడగడానికి వెళ్లాక కిటికీ దగ్గర కూర్చుని రాసుకునేవారు, నా చివరి ఆటంతా చాంద్‌తోనే అనేవారు, నేను నాతో ఒక్క ఆట ఆడమంటే నవ్వి పాఠం చెప్పేవారు, మీరంటే నాకెంత కుళ్లుగా ఉండేదో చెప్తే నవ్వుతారు, ప్రతి పేజీ పైనా మీ పేరేనండీ, ఆయన దేశపు అక్షరాల్లో, మన చ కోసం వాళ్లు ఇంగ్లీషు సీ మీద చిన్న కొక్కెం పెడతారు, అన్నాడు, కొక్కెం, చించిన ప్రతి కాగితం మీదా ఉంది, చాంద్ బాషా చూశాడు, మసి వాలిందనుకుని ఒకటి రెండుసార్లు ఊదాడు కూడా.

ఏ సోల్జర్లు చించారో గానీ పాపిష్టివాళ్లండీ, అన్నాడు సత్యనారాయణ, నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు, ఈసారి చాంద్ బాషా కోసం, బస్సు వచ్చి హారన్ కొడుతోంది, బుడేన్‌బీ లేచి సూట్‌కేసు ఎత్తుకుని లెయ్యన్నా, యల్లా, అంటోంది, చాంద్ బాషా బురుజు పుస్తకం సత్యనారాయణ చేతుల్లో పెట్టాడు, పెట్టి, ఎన్ని ఆటలుండె సామీ దాంట్లో, అని అడిగాడు, క్లబ్బులో నాతో ఒకసారి లెక్కపెట్టించారండీ, మంచివే రాశార్ట, అంటూ వాడు చెప్పాడు, చాంద్ బాషా ఆ అంకెల్ని నెమ్మదిగా, కూలిపడ్డ కాయల్ని ఏరినట్టు ఒక్కొక్కటే ఏరుకున్నాడు, సోల్జర్లు లేరు, సోదా లేదు, ఆ ఇంటికి ఎవరూ రాలేదు, బాల్కనీలో ఉన్నది తను ఒక్కడే, ఒక కుండ కిచిడీ కింద తన చేత్తో వేసినవి, ఆరువందల పన్నెండు ఆటలు, అందులో తను గెలిచినవి ఇరవై మూడు.