కరవని బూట్లు

కొత్త బూట్లు ఇంద్రాణిని రెండు మడమల దగ్గరా కరిచాయి. అదే అంగడిలో, అదే రోజు, అదే రకం కొన్న దివాకర్‌ను మాత్రం ముట్టుకోలేదు. పెళ్లాం కుంటుతుంటే మొగుడికి కలిగే ఆనందం ఇంతా అంతా కాదు కదా, తోట గట్టు మీద ముందు నడుస్తూ, వెనక్కి తిరిగి మరీ ఎగతాళి చేశాడు.

"నల్లబల్ల ముందర నిలబడి పాఠాలు చెప్పిన కాళ్లు మే నీవి. మావి మట్టి కాళ్లు. బూటు మమ్మల్ని కరిస్తే దాని పండ్లే రాలిపోతాయి."

కెన్యా ప్రయాణం కుదిర్చిన అనంతపురం ఏజెంటు, పోయే ముందు బూట్లు తొడుక్కుని బాగా నడిచి అలవాటు చేసుకోమన్నాడు. అందుకని పొద్దున్నే కంబదూరు శివార్లలోని తమ చీనీ బత్తాయి తోట చుట్టూ ఇద్దరూ తిరుగుతున్నారు. దారిన పోయేవాళ్లు "ఏమప్పా, మిలిట్రీలో చేరినారా?" అని అడుగుతున్నారు.

ఇంద్రాణి కళ్యాణదుర్గంలో ఇంటర్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పి రిటైరైంది. మొగుడు మేనమామ కొడుకే కాబట్టి పెళ్లయిన కొత్తలోనే మొహమాటం లేకుండా అడిగేసింది, "బావా, నాకు నగలొద్దు. కంచె లేని చోట ఏనుగుల మందను ఒక్కసారి చూపించు" అని. బోర్లో నీళ్లు పడనీ, పోదాం అన్నాడు దివాకర్. పడలేదు. ఇంకో బోరు వేశాడు. అది పడి, రెండో ఎండాకాలానికి ఎండిపోయింది. వానొచ్చిన ఏడు పురుగు, పురుగు లేని ఏడు ధర లేదు. అందరిలాగే వీళ్లూ పిల్లలకు పెళ్లిళ్లు చేశారు, మనవళ్లను ఎత్తుకున్నారు. ఏనుగులు మాత్రం ఎక్కడివక్కడే ఉండిపోయాయి.

ఇప్పుడు వీసాలు వచ్చాయి, టికెట్లు వచ్చాయి, బెంగళూరు వెళ్లి సూదిమందులు కూడా వేయించుకొచ్చారు. విచిత్రమేమంటే ఇంద్రాణికి సంతోషం రాలేదు. దిగులూ లేదు. ఆకలి చచ్చాక వడ్డించిన విస్తరి ముందు కూర్చున్నట్టు పెట్టె సర్దుతోంది. చెనిక్కాయల పొడి ఒక పక్క, ఎండబెట్టిన జొన్నరొట్టెలు ఒక పక్క. కొత్త బైనాక్యులర్ కళ్లకు పెట్టుకుంటే దూరపు గుట్ట దగ్గరికొచ్చింది. వస్తే రానీ అనిపించి, తీసి చీరల మధ్య దోపింది. తనలో ఏదో మొద్దుబారిందని ఆమెకు తెలుసు. ఆ సంగతి చెప్పి మొగుడి సంబరం మీద నీళ్లు చల్లడమెందుకని ఊరుకుంది. ఆయనేమో కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

ఆ రోజు నడిచి వచ్చాక దివాకర్ స్నానానికి వెళ్లాడు. కొత్త చెప్పులు కరవకుండా లోపల ఆముదం పూయడం ఆ ఇంట్లో అలవాటు. ఇంద్రాణి తన బూట్లకు పూసి, చెయ్యెలాగూ జిడ్డయింది కదా అని మొగుడి బూట్లు కూడా దగ్గరికి లాక్కుంది. కుడి బూటులో వేలు పెట్టగానే చురుక్కుమంది.

పల్లేరుకాయ. లోపలి అట్టలోకి దిగబడి, ముళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. దాని చుట్టూ ఎండి నల్లబడిన రక్తం, ఆ నలుపు మీద ఇవాళ్టి తడి. పల్లేరు గుచ్చుకుంటే ఎద్దైనా మూడు కాళ్ల మీద నిలబడుతుంది. ఈ మనిషి దాన్ని తొక్కుతూ నిన్నా ఇవాళా తోటంతా తిరిగాడు, పైగా ఎగతాళొకటి.

దివాకర్‌కు షుగరు ఎప్పటినుంచో ఉంది. పాదాలకు స్పర్శ పోతే ఏమవుతుందో ఇంద్రాణికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పక్కతోట ఈరన్న అరికాలి పుండును లెక్కచేయక, చివరికి మోకాలి దాకా కాలు తీయించుకున్నాడు. ఆమె భయపడాలి, కోపం రావాలి. రెండూ రాలేదు. ఆముదం చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ అలాగే కూర్చుంది.

తువ్వాలు భుజానేసుకుని వచ్చిన దివాకర్‌కు పల్లేరుకాయను అరచేతిలో పెట్టి చూపించింది.

"యాడిది మే ఇది?"

"నీ బూటులోది. కూర్చో. కాలు ఇట్ల చాపు."

అతను అరుగు మీద కూర్చుని, ఎదురుగా ఉన్న పీట మీద కాలు పెట్టాడు. బొటనవేలి కింద చర్మం తెల్లగా ఉబ్బి, మధ్యలో చిల్లు పడి ఉంది.

"ఎప్పటినుంచి బావా?"

దివాకర్ తోట వైపు చూశాడు. "మొదట్లో చీమలు పారినట్ల ఉండె. నిద్ర పట్టనిచ్చేది కాదు. పోయినేడు అదీ పాయె. పీడ పోయిందిలే అనుకుంటి."

"నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తే డాక్టరంటావు. డాక్టరు పోవద్దంటాడు. ఇన్నేండ్లూ నావల్లనే ఆగె. ఈసారి కూడా నావల్లనే ఆగిపోవల్లనా?" గొంతు పెరిగింది. "జీపులో కూర్చోని ఏనుగుల్ని చూసేదానికి కాళ్లతో ఏం పని మే? కండ్లు బాగనే ఉండాయి కదా!"

"ఆ అడవిలో చీము పడితే ఏం చేస్తాం? ఆసుపత్రి యాడుంటుందో తెలుసునా నీకు?"

దివాకర్ ఏదో ఉపాయం తట్టినవాడిలా ముందుకు వంగాడు.

"ఇన్నేండ్లు పిల్లోళ్లకు పరీక్షలు పెట్టినదానివి, నాకూ పెట్టు. కండ్లు మూసుకుంటా. యాడ ముట్టుకున్నావో చెప్తా. తప్పు చెప్తే బెంగళూరు ఆసుపత్రికి పోదాం, టికెట్లు చించేయ్. సరిగ్గా చెప్తే నోరెత్తకుండా పెట్టె సర్దు."

"సరే," అంది ఇంద్రాణి.

చీపురులోంచి ఒక పుల్ల తీసుకుంది. దివాకర్ కనుబొమలు ముడిపడేంత గట్టిగా కళ్లు మూసుకున్నాడు. మోకాలి కింద తాకించింది. "పిక్క," అన్నాడు. కొంచెం కిందికి వచ్చింది. "చీలమండ," అన్నాడు. రెండూ సరిగ్గానే చెప్పాడు. తర్వాత అరికాలి మధ్యలో ఆనించింది. అతను ఎదురుచూస్తున్నాడు. ఇంకా ఒత్తింది. చర్మం గుంట పడింది, పుల్ల వంగింది. అతని ముఖంలో ఏ మార్పూ లేదు.

ఇంద్రాణి పుల్లను పక్కన పెట్టేసింది. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది.

"ఇప్పుడు?" అంది.

"ఆ. బొటనవేలు."

"ఇప్పుడు?"

"చిటికెనవేలు. మెల్లగ మే, గుచ్చుకుంటాండాది."

తోటలో ఎవరో మోటారు వేశారు. పైపులో నీళ్లు గుడగుడమన్నాయి.

"పాసైనట్లేనా?" అన్నాడు దివాకర్, కళ్లు తెరవకుండానే నవ్వుతూ.

ఇన్ని నెలలుగా రాని ఆశ ఇంద్రాణికి అప్పుడొచ్చింది. పోవాలనిపించింది. ఈ మనిషి పక్కన, ఆ జీపులో, ఆ ఎండలో కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంది. పాసే అంటే చాలు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"కండ్లు తెరువు బావా," అంది.

దివాకర్ తెరవలేదు. అతని ముఖం మీద నవ్వు ఇంకా ఉంది.

"ఇంకొక్కసారి అడుగు మే," అన్నాడు.